కేపీ పనిలో చేరబోతున్న మేనల్లుడికి

భవానీపురం,
విజయవాడ.

చిరంజీవి అల్లుడికి,

బర్మింగ్‌హామ్‌లో ఒక రెస్టారెంటులో కేపీగా, అంటే కిచెన్ పోర్టర్‌గా, పని దొరికిందనీ, ఆ సంగతి మీ అమ్మతో అనొద్దనీ మెసేజ్ పెట్టావు. నేను అనను. నువ్వే చెప్పు, అదీ ఈ వారంలోనే. ఇంట్లో దాచిపెట్టిన పని చోట జీతం ఎగ్గొట్టినా, చెయ్యి కాలినా ఎవరితోనూ చెప్పుకోలేవు. అమ్మ రెండు రోజులు దిగులుపడుతుంది. ‘తిన్న కంచం తీసి ఎరగడే మా వాడు’ అని పక్కింటావిడ దగ్గర వాపోతుంది. ఆ తర్వాత చేతులకి కొబ్బరినూనె రాసుకోమని నీకే ఫోన్ చేస్తుంది.

నేను లండన్ వెళ్లిన 2009లో కనీస వేతనం గంటకి 5.80 పౌండ్లు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి మాస్టర్స్‌కని విమానం ఎక్కిన నాబోటి వాళ్లలో చాలామందికి మొదటి ఉద్యోగం సింకు దగ్గరే. ఇంటికి ఫోన్ చేసినప్పుడు మాత్రం అందరం ‘సూపర్‌వైజర్లం’. 2025 ఏప్రిల్ నుంచి 21 ఏళ్లు నిండినవాళ్లకి ఆ కనీస వేతనం 12.21 పౌండ్లయింది. ఏటా ఏప్రిల్‌లో మారుతుంది కాబట్టి, చేరేనాటికి ఎంతుందో చూసుకుని చేరు.

గిన్నెలు కడగడమే కదా అనుకుని వెళ్లకు. సరుకు లారీ వస్తే పెట్టెలు దించాలి, మైనస్ పద్దెనిమిది డిగ్రీల ఫ్రీజర్‌లోకి సర్దాలి. బంగాళాదుంపలు చెక్కు తీయాలి. చెత్త డబ్బాలు బయట పెట్టాలి. రాత్రి స్టవ్‌ల వెనకాల జిడ్డు గీకి, నేల తుడిచి, అందరికంటే ఆఖర్న బయటపడేది కేపీనే. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు అజిత్‌సింగ్‌నగర్‌లో మీ ఫ్రెండ్ వాళ్లింట్లో బురద ఎత్తిపోశావు గుర్తుందా, ఆ ఒళ్లు నొప్పులు ప్రతి శనివారం రాత్రీ ఉంటాయనుకో.

ఈ పనికీ ఒక ఒడుపుంది. కంచాలు కుప్పగా వచ్చి పడగానే కంగారుపడి ఏది చేతికందితే అది కడిగేవాడు గంటలో మునిగిపోతాడు. ముందు ఎంగిలి గీకి డబ్బాలో వెయ్యి. పెద్ద కంచాలు ఒక దొంతర, చిన్నవి ఒక దొంతర, చెంచాలు సబ్బునీళ్ల తొట్టిలో. గ్లాసులు జిడ్డు గిన్నెలతో కలపకు. కంచాల రాక్ నిండాక నీళ్ల స్ప్రే కొట్టి గిన్నెలు కడిగే మెషీన్‌లోకి తొయ్యి. ఆఖరి కడుగు నీళ్లు 82 డిగ్రీల పైన ఉంటాయి, అందుకే బయటికి తీసిన కంచం గుడ్డ పెట్టకుండానే ఆరిపోతుంది. తలుపు ఎత్తగానే ఆవిరి మొహానికి కొడుతుంది, ఒక్క అడుగు పక్కకి జరిగి ఎత్తు. మాడిన ట్రేతో కుస్తీ పట్టకు. వేడినీళ్లు, డీగ్రీజర్ పోసి పక్కన పెట్టి ఇరవై కంచాలు కడిగి వచ్చేసరికి మాడు దానంతటదే ఊడుతుంది. షిఫ్ట్ అయ్యాక మెషీన్ నీళ్లు వదిలేసి, ఫిల్టరు తీసి కడుగు. పోయిన చెంచాలన్నీ అక్కడే దొరుకుతాయి. నీ అదృష్టం, బర్మింగ్‌హామ్‌కి నీళ్లు వేల్స్ కొండల్లోని ఎలాన్ లోయ నుంచి వస్తాయి, సున్నం తక్కువ. లండన్ నీళ్లు మన బోరు నీళ్లలాంటివే. గ్లాసు మీద తెల్ల చార చూసి షెఫ్ తిట్టేది నన్ను.

కత్తి ఎప్పుడూ సబ్బునీళ్లలో వదలకు. అడుగున కనపడకుండా ఉంటుంది, చెయ్యి పెడితే తెగుతుంది. ఎవరన్నా వదిలితే, వాడు హెడ్ షెఫ్ అయినా సరే, గట్టిగా చెప్పు. ఎవరి వెనక నుంచి వెళ్లినా ‘బిహైండ్’ అను, వేడిది మోస్తుంటే ‘హాట్’ అను. సిగ్గుపడి నోట్లో నోట్లో అంటే ఎవరో ఒకరు కాలతారు. ఓవెన్ క్లీనర్‌లో కాస్టిక్ సోడా ఉంటుంది, గ్లౌజులు, కళ్లజోడు లేకుండా ముట్టుకోకు, అవి ఇవ్వాల్సింది యజమాని. జారని బూట్లు మొదటి జీతం దాకా ఆగకుండా ఇప్పుడే కొను. తడి చేతులు పొడిగా తుడుచుకుని క్రీమ్ రాయి. చర్మం పగిలి ఎర్రబడి దురద పెడితే ఓర్చుకోకు, ముదిరితే సబ్బు తగిలినప్పుడల్లా తిరగబెడుతుంది.

ఇంకొకటి, మనవాళ్లు ఎవరూ ముందుగా చెప్పనిది. ఆదివారం రోస్ట్ ఉంటే బీఫ్ ట్రేలు నీ సింకులోకే వస్తాయి. నేను కడిగాను, నాకు పట్టింపు లేదు. నీకు ఉంటే తప్పు కాదు. కానీ ఆ మాట చేరకముందే చెప్పాలి. రద్దీ మధ్యలో ట్రే పక్కన పెట్టి నిలబడితే నీ పని ఇంకొకడి మీద పడుతుంది.

ఇక అన్నిటికంటే ముఖ్యమైనది గంటల లెక్క. డిగ్రీ స్థాయి స్టూడెంట్ వీసా మీద టర్మ్‌లో వారానికి 20 గంటలే. సోమవారం నుంచి ఆదివారం వరకు ఒక వారం. ఈ వారం 28, వచ్చే వారం 12 చేసి సగటు 20 అంటే ఒప్పుకోరు. రెండు చోట్ల చేస్తే రెండూ కలిపే లెక్క. మాస్టర్స్‌కి వేసవిలో డిసర్టేషన్ రాసే కాలం కూడా మామూలుగా టర్మ్ కిందకే వస్తుంది, యూనివర్సిటీ ఇచ్చిన తేదీలు చూసుకో. ఫుడ్ డెలివరీ యాప్‌ల పని సొంత వ్యాపారం కింద లెక్క, నీ వీసా మీద కుదరదు. వేరేవాడి అకౌంట్ అద్దెకు తీసుకుని తిరిగేవాళ్ల మాట అసలు వినకు.

‘మిగతా గంటలు క్యాష్‌లో ఇస్తాలే’ అనే యజమాని తప్పకుండా తగులుతాడు. నాకు తగిలినవాడు తెలుగువాడే. తమ్ముడూ అంటూనే ట్రయల్ పేరుతో ఉత్తినే పనిచేయించుకున్నాడు, ఆ తర్వాత గంటకి మూడు పౌండ్లు చేతిలో పెట్టాడు. చట్టం దాటి పనిచేసినవాడు ఫిర్యాదు చేయలేడని వాళ్లకి తెలుసు, వాళ్ల ధీమా అదే. రేటు తక్కువైతే ఏకాస్ అనే సంస్థకి ఫోన్ చెయ్యి, ఉచితంగా సలహా చెబుతారు. ఆరు గంటలు దాటిన షిఫ్టులో 20 నిమిషాల విరామం నీ హక్కు. పార్ట్‌టైమ్ వాడికి కూడా జీతంతో సెలవు ఉంటుంది. 2024 అక్టోబర్ 1 నుంచి టిప్స్ మొత్తం పనివాళ్లకే పంచాలని చట్టం వచ్చింది. వంటగదికి వాటా ఎంతో అడుగు, అడిగితే ఉద్యోగం పోదు.

అవమానంగా ఉందన్నావు. కోపెన్‌హాగన్‌లో నోమా అని ప్రపంచంలోనే పేరున్న రెస్టారెంటు ఉంది. అక్కడ గిన్నెలు కడిగిన అలీ సోంకో గాంబియా నుంచి వచ్చినాయన. 2010లో నోమాకి ప్రపంచంలో మొదటి స్థానం దక్కింది. లండన్‌లో జరిగిన వేడుకకి ఆయనకి వీసా రాకపోతే తోటివాళ్లు ఆయన బొమ్మ ఉన్న టీషర్టులు వేసుకుని వేదిక ఎక్కారు. 2017లో యజమాని ఆయన్ని వ్యాపారంలో భాగస్వామిని చేశాడు. అందరికీ అలా జరుగుతుందని చెప్పను, నాకు జరగలేదు. కానీ షెఫ్ రాకపోతే మెనూలో రెండు వంటలు తగ్గుతాయి. కేపీ రాకపోతే తొమ్మిదింటికల్లా వడ్డించడానికి కంచమే ఉండదు, అది కళ్లారా చూశాను.

చదువు పక్కన పెట్టి మాత్రం ఈ పని చేయకు. పరీక్ష ముందు రోజు షిఫ్ట్ వేస్తే షిఫ్టుల రోటా కాగితం పడ్డ రోజే అడిగి మార్పించుకో.

చేసిన గంటలు ఏ రోజుకారోజు చిన్న నోట్‌బుక్‌లో రాసుకో. మొదటి పేస్లిప్ రాగానే ఫొటో తీసి నాకు పంపు. ఏడాదికి 12,570 పౌండ్ల దాకా ఆదాయపు పన్ను లేదు, పన్ను కోడ్ దగ్గర 1257ఎల్ ఉందో లేదో, గంటలు, రేటు సరిపోయాయో లేదో ఇద్దరం కలిసి చూద్దాం.

మీ మామయ్య