తిలాపియా నిండిన చెఱువులో కొఱమీనును పట్టు విధము

1952వ సంవత్సరమున మనదేశమునకు తేబడిన తిలాపియా, అనగా జిలేబీ చేప, గ్రుడ్లను నోటియందే కాచుకొని, ఏటికి పలుమారులు సంతతిని పెంచి చెఱువంతయు నిండును. అట్టి చెఱువులో వానపామును గాని పిండిముద్దను గాని ఎరగా గ్రుచ్చినచో, కొఱమీనునకు అందకమున్నే తిలాపియాయే మ్రింగును. కావున రైతులు పెద్ద గాలమునకు వ్రేలెడు తిలాపియా పిల్లనే ప్రాణముతో గ్రుచ్చి, ఉదయసాయంకాలములయందు గట్టు ప్రక్క తుంగలో విడువవలెను. కొఱమీను గాలి పీల్చుటకు నీటిపైకి వచ్చును గనుక దాని తావును కనిపెట్టవచ్చును.

వర్షకాలమున ఎఱ్ఱని పిల్లల గుంపును కాచుచున్న జంటను మాత్రము పట్టరాదు. కాపు తప్పినచో ఆ పిల్లలు ఇతర చేపల పాలగును. తిలాపియా పిల్లలను తిని వాని సంఖ్యను తగ్గించు కొఱమీనే చెఱువున కఱవగును.