మూల నక్షత్రం పక్కన ఒక లెక్క

గోనెగండ్ల

చిరంజీవి మనుమరాలికి,

గెలాక్సీ నడుమ ఉండే మహా కృష్ణబిలం దగ్గరికి పోయిన నక్షత్రాన్ని మింగుతుందా, చీలుస్తుందా అని అడిగినావు. కొన్నిటిని చీలుస్తుంది, కొన్నిటిని మింగుతుంది. ఏది ఎప్పుడో లెక్క కట్టి చెప్పొచ్చు. దానికి నీ ఇంటర్ ఫిజిక్సు చాలు.

కృష్ణబిలం చుట్టూ ఉన్నవన్నీ ఊడ్చుకుపోతుందన్న భయం ముందు వదులుకో తల్లీ. సూర్యుడి చోట అంతే బరువున్న బిలాన్ని పెట్టినా భూమి ఇప్పటి కక్ష్యలోనే తిరుగుతుంది. నక్షత్రాన్ని చీల్చేది ఆకర్షణలోని తేడా. బిలం వైపున్న ముఖం మీద లాగుడు ఎక్కువ, అవతలి ముఖం మీద తక్కువ. చంద్రుడు సముద్రానికి ఆటుపోట్లు తెచ్చేదీ ఈ తేడాతోనే. నక్షత్రాన్ని పట్టి ఉంచేది దాని సొంత ఆకర్షణ. తేడా దాన్ని మించిందంటే, దూదిపింజను లాగితే పోగైనట్టు నక్షత్రం పొడుగ్గా సాగిపోతుంది.

ఎంత దూరంలో? ఆకర్షణ దూరపు వర్గాన్ని బట్టి తగ్గితే, ఈ తేడా ఘనాన్ని బట్టి తగ్గుతుంది. కాబట్టి బిలం నక్షత్రం కన్నా ఎన్ని రెట్లు బరువో ఆ అంకెకు ఘనమూలం తీసి, నక్షత్రం వ్యాసార్థంతో గుణించు. సూర్యుడినే తీసుకుందాం. బిలం 10 లక్షల రెట్లు అనుకుంటే ఘనమూలం 100. సూర్యుడి వ్యాసార్థం సుమారు 7 లక్షల కి.మీ. అంటే 7 కోట్ల కి.మీ. దూరంలోనే చీలిక. బిలం అంచు, అంటే వెలుగైనా తిరిగి రాలేని హద్దు, సూర్యుడంత బరువుకు 3 కి.మీ. చొప్పున 30 లక్షల కి.మీ. దగ్గరే ఉంది. చీలేదంతా బయటే, మనకు కనబడేట్టు జరుగుతుంది.

ఇప్పుడు బిలాన్ని 10 కోట్ల రెట్లు చెయ్యి. ఘనమూలం 464, చీలిక దూరం 32 కోట్ల కి.మీ. అంచు మాత్రం 30 కోట్లకు వచ్చేసింది! అంతకన్నా బాగా పెద్ద బిలం సూర్యుడి వంటి నక్షత్రాన్ని చీల్చకుండానే మింగేస్తుంది, మనకు వెలుగేమీ చిక్కదు. ఈ విషయంలో నాకు అన్నిటికన్నా అందంగా తోచేది ఇదే.

చీలినదాంట్లో ఇంచుమించు సగం బయటికి ఎగిరిపోతుంది. మిగతాది వెనక్కి వచ్చి బిలం చుట్టూ చక్రం కట్టి, కాగిపోయి ఎక్స్ కిరణాలు విరజిమ్ముతుంది. ఒక గెలాక్సీలో ఇది 10 వేల నుంచి లక్ష ఏళ్లకు ఒకసారి జరిగే సంగతి. అందుకే లెక్కలేనన్ని గెలాక్సీల మీద కన్నేసి ఉంచాలి.

2014లో దొరికిన అలాంటి ఒక వెలుగును ఎంఐటీలో ధీరజ్ పాశం, ఆయన సహచరులు పరిశీలించినారు. 29 కోట్ల కాంతి సంవత్సరాల దూరం. దాని ఎక్స్ కిరణాలు 131 సెకన్లకు ఒకసారి పెరిగి తరుగుతున్నాయి. దాన్ని బట్టి బిలం కాంతివేగంలో కనీసం సగం వేగంతో గిరగిరా తిరుగుతోందని 2019లో తేల్చినారు.

మన శ్రీహరికోట నుంచి 2015 సెప్టెంబర్ 28న ఎగిరిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహానికీ ఈ చీలికల పరిశీలనలో పాలుంది. 2019లో కనిపించిన మరో చీలిక, ఏటీ2019క్యూఐజెడ్, కొన్నేళ్లకు సుమారు 48 గంటలకు ఒకసారి ఎక్స్ కిరణాలతో భగ్గుమనడం మొదలుపెట్టింది. దాన్ని పట్టుకున్న ఉపగ్రహాల్లో చంద్ర అనే ఎక్స్ కిరణాల టెలిస్కోపుతో పాటు ఆస్ట్రోశాట్ ఉంది. చచ్చిన నక్షత్రం మిగిల్చిన చక్రాన్ని, బిలం చుట్టూ తిరిగే ఇంకో నక్షత్రమో చిన్న బిలమో గుద్దుకుంటూ పోతోందని పరిశోధకులు 2024లో వివరించినారు.

మన పాలపుంత నడుమా ఒక బిలం ఉంది. మే నెలలో అర్ధరాత్రి దాటినాక మిద్దె ఎక్కి దక్షిణానికి తిరుగు. తేలు ఆకారపు నక్షత్రాల గుంపు తోకలో మూల నక్షత్రం కనిపిస్తుంది. చెయ్యి చాచి పిడికిలి పట్టు. మూలకు ఇంచుమించు పిడికిలంత పైన, కాస్త తూర్పున ఆ కేంద్రం ఉంది. బిలం కంటికి కనబడదు, దిక్కు మాత్రం అదే. దూరం సుమారు 26 వేల కాంతి సంవత్సరాలు, బరువు 43 లక్షల సూర్యుళ్లు.

ఆ బిలం సూర్యుడి వంటి నక్షత్రాన్ని ఎంత దూరంలో చీలుస్తుందో, దాని అంచు ఎక్కడుందో నువ్వే లెక్క చేసి, అడుగులన్నీ చూపించి నాకు రాయి.

మీ జేజినాయన