ఇంటికి పిట్టగోడ, తలకు హెల్మెటు

పాఠ్యభాగములు: ద్వితీయోపదేశకాండము 22:8, లూకా 10:30–37



క్రొత్త యిల్లు కట్టువాడు మిద్దె చుట్టు పిట్టగోడ కట్టవలెనని మోషే ధర్మశాస్త్రము ఆజ్ఞాపించుచున్నది. గోడ లేనందున ఎవడైన పడి చచ్చినయెడల ఆ దోషము ఇంటివానిదే. ప్రార్థనాపరుడు గోడ కట్టనక్కరలేదని అక్కడ చెప్పబడలేదు. దేవుడు కాపాడునను విశ్వాసమును, మనము పడవలసిన జాగ్రత్తయు ఒకదానికొకటి విరోధములు కావు.

బాలాపూర్ ఇప్పుడు పూర్వపు పల్లె కాదు. పట్టణము వచ్చి దాని చుట్టు అల్లుకొనినది. ఉదయమున దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పనులకు పోవువారు, టిప్పర్లు, బస్సులు, ఆటోలు, బడిపిల్లల సైకిళ్లు అన్నియు ఒకే దారిని పంచుకొనుచున్నవి. మనలో అనేకులకు ఉన్నది సైకిలు, లేక మోటారు సైకిలు. 2022లో మన దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది చనిపోయిరని కేంద్ర రవాణా శాఖ ప్రకటించినది. అందులో సుమారు 50,000 మంది హెల్మెటు లేక పోయినవారే.

ఇక్కడ మా తప్పిదమును ఒప్పుకొనవలసియున్నది. కొన్ని యేండ్ల క్రిందట ఒక గృహ ప్రార్థనకు పోవుచు, నాలుగు సందుల దూరమే గదా అని హెల్మెటును అద్దమునకు తగిలించి, వెనుక ఇద్దరిని ఎక్కించుకొని వెళ్లితిమి. వారిలో ఒకడు మన సంఘపు పడుచువాడు. కొన్ని నెలలకు అతడు పనినుండి తిరిగి వచ్చుచు, మలుపులో ఇసుకమీద బండి జారి పడెను. ఒంటిమీద గాయములు స్వల్పమే. తలకు తగిలిన దెబ్బతో మూడవనాడు ప్రాణము విడిచెను. అతని హెల్మెటు పెట్రోలు ట్యాంకుమీదనే ఉండెను. భూస్థాపనయైన తరువాత అతని తల్లి మమ్మును నిందింపలేదు. “ఎన్నిసార్లు జెప్పినా, దగ్గర్నే గదమ్మా, అయ్యగారు గూడ గట్లనే పోతరు అనేటోడు” అని మాత్రము అనెను. ఆ దినమున మేము కట్టని పిట్టగోడ ఏదో మాకు తెలిసినది.

నేర్చుకొనవలసిన సంగతులు:

1. హెల్మెటు పైచిప్ప దెబ్బను ఒక్కచోట నిలువనీయక నలుదెసలకు పరచును. లోపలి థర్మోకోలు వంటి మెత్త తాను నలిగి తలను కాపాడును. గడ్డము క్రింద పట్టీ బిగింపనిచో, తల నేలను తాకకమునుపే అది ఊడిపోవును. పలు దేశముల పరిశోధనలను కూర్చి చూడగా, హెల్మెటు మరణాపాయమును సుమారు 42 శాతము, తలగాయములను 69 శాతము తగ్గించునని తేలినది. ఐ.ఎస్.ఐ. ముద్ర చూచి కొనవలెను. ఒకసారి గట్టిదెబ్బ తిన్నదానిని మరల వాడరాదు.

2. మోటారు సైకిలుపై ఇద్దరికే చోటు. వెనుక కూర్చున్నవారికిని హెల్మెటు ఉండవలెనని చట్టము చెప్పుచున్నది. చీరకొంగు, చున్నీ చక్రములో పడకుండ ఒడిలో దోపుకొనవలెను. 18 ఏండ్లు నిండని కుమారుడు బండి నడిపి నేరము చేసిన, 2019 సవరణ ప్రకారము తండ్రికి 3 సంవత్సరముల వరకు చెర, 25,000 రూపాయల జరిమానా కలుగవచ్చును. ముద్దు చేసి తాళపుచెవి ఇచ్చుట ప్రేమ కాదు.

3. సైకిలువారు ఎడమ అంచుననే పోవలెను. బ్రేకులు, గంట, వెనుక ఎర్రని మెరుపుబిళ్ల సరిగా నుండవలెను. మలుపు తిరుగుచున్న లారీకి ఎడమప్రక్కన దూరరాదు. అక్కడున్నవాడు డ్రైవరుకు కనబడకపోవచ్చును.

4. దారిలో పడియున్నవానిని చూచి ప్రక్కగా పోయిన యాజకునివలె మనము పోరాదు. 108కు ఫోను చేయవలెను. మెడను వంచక, హెల్మెటును మొరటుగా లాగక, రక్తము కారుచోట శుభ్రమైన గుడ్డతో అదిమి పట్టవలెను. సద్బుద్ధితో సాయపడినవానిని కేసులలో ఇరికింపరాదని 2019 సవరణచేత చట్టమే రక్షణ ఇచ్చినది. కాబట్టి భయమునకు హేతువు లేదు.

ఆలోచింపుడి: మనలను చూచి నడచుకొనుచున్నవారు ఎవరు? వారికొరకు మనము కట్టవలసిన పిట్టగోడ ఏది?

వచ్చు ఆదివారము ఆరాధనకు హెల్మెటును అద్దమునకు కాక తలకు పెట్టుకొని రండి. మందిరము నాలుగు సందుల దూరమే యైనను, మేమును అట్లే వచ్చెదము.