"నార్తర్న్ లైట్స్" – రెండు లోకాల నవల

 

ఈసారి మన గోడపత్రికలో ఒక ఇంగ్లీషు నవలను పాఠంలాగా రాస్తున్నాను. దాని పేరు "నార్తర్న్ లైట్స్". అంటే ఉత్తర ధ్రువం వైపు రాత్రిపూట ఆకాశంలో కనిపించే రంగుల వెలుగులు. ఇంగ్లీషు మేడమ్ గారు కొన్ని అధ్యాయాలు చదివి చెప్పారు. మిగతాది డిక్షనరీ పక్కన పెట్టుకొని నేనే చదివాను.

రచయిత పరిచయం

ఈ నవల రాసినవారు ఫిలిప్ పుల్‌మన్. ఈయన 1946లో ఇంగ్లండులో పుట్టారు. ఆక్స్‌ఫర్డ్ ఊళ్లో బడిలో టీచరుగా పనిచేశారు. ఈ నవల 1995లో అచ్చయింది. పిల్లల పుస్తకాలకు ఇచ్చే కార్నెగీ మెడల్ దీనికి వచ్చింది. 1997లో, 2000లో ఇంకో రెండు భాగాలు వచ్చాయి.

సమాంతర లోకాలు అంటే ఏమిటి?

లెక్కల్లో సమాంతర రేఖలు చదివాం కదా. పక్కపక్కనే పోతాయి, కలవవు. లోకాలు కూడా అలాగే ఉంటే? నవలలో దీన్ని నాణెంతో చెప్తారు. నాణెం ఎగరేస్తే బొమ్మ పడవచ్చు, బొరుసు పడవచ్చు. మన దగ్గర బొమ్మ పడితే, బొరుసు పడిన లోకం ఒకటి విడిపోయి వేరుగా నడుస్తుంది. సైన్సులో కూడా 1957లో హ్యూ ఎవెరెట్ అనే అమెరికా శాస్త్రవేత్త ఇలాంటి ఆలోచన చెప్పారు. అది ఇంకా రుజువు కాలేదు.

కథలో అమ్మాయి పేరు లైరా. ఆమె ఆక్స్‌ఫర్డ్‌లో జోర్డన్ కాలేజీలో పెరిగింది. మన లోకంలోనూ ఆక్స్‌ఫర్డ్ ఉంది గాని అందులో జోర్డన్ కాలేజీ లేదు. దీన్నిబట్టి ఆమెది వేరే లోకం అని తెలుసుకొనవలెను.

డీమన్

ఆ లోకంలో ప్రతి మనిషికి ఒక డీమన్ ఉంటుంది. ఇది దెయ్యం కాదు. మనిషి ప్రాణమే జంతువు రూపంలో బయట తిరుగుతుంది, మనిషితో మాట్లాడుతుంది. చిన్నపిల్లల డీమన్ ఒకసారి చిమ్మెట, ఒకసారి పిల్లి, ఇట్లా మారుతూ ఉంటుంది. పెద్దయ్యాక ఒకే రూపంలో నిలిచిపోతుంది. మనిషి నుంచి నాలుగడుగులు దూరం పోయినా ఇద్దరికీ నొప్పే. లైరా డీమన్ పేరు పాంటలైమన్. ముద్దుగా పాన్.

కథా సారాంశం

ఊళ్లలో పిల్లలు మాయమైపోతుంటారు. ఎక్కువగా పేదవాళ్ల పిల్లలు, పడవల మీద బతికే జిప్షియన్ల పిల్లలు. లైరా స్నేహితుడు, కాలేజీ వంటింట్లో పనిచేసే రోజర్ కూడా పోయాడు. జిప్షియన్లే పోగై ఓడలో ఉత్తరానికి బయలుదేరారు. లైరా వాళ్లతో పోయింది. ఆమె దగ్గర అలెథియోమీటర్ అనే సాధనం ఉంది. దాని మీద 36 బొమ్మలు. అడిగిన దానికి నిజం చెప్తుంది. యోరెక్ అనే కవచం తొడిగిన ఎలుగుబంటి కూడా తోడు వచ్చింది.

మంచు దేశంలో బోల్వాంగర్ అనే చోట పిల్లలను ఉంచారు. మంచాలు శుభ్రంగా ఉన్నాయి, తిండి పెడుతున్నారు, నర్సులున్నారు. కానీ అక్కడ ఒక కత్తి ఉంది. దానితో పిల్లలను, వాళ్ల డీమన్లను విడదీస్తారు. పిల్లల మంచికే అంటారు.

అట్లా కోసిన టోనీ అనే పిల్లవాడు లైరాకు ఒక చేపల కొట్టంలో దొరికాడు. వాడి డీమన్ పేరు రాటర్. అది లేదు కాబట్టి ఒక ఎండుచేపను గుండెకు హత్తుకొని కూర్చున్నాడు. రాటర్ ఏదని అడుగుతూనే చనిపోయాడు. ఇక్కడ నేను చదవడం ఆపేశాను. మళ్లీ మర్నాడు మొదలుపెట్టాను.

లైరా పిల్లలను బోల్వాంగర్ నుంచి తప్పించింది. కానీ చివరికి ఆమె తండ్రి లార్డ్ ఆజ్రియల్, ఇంకో లోకానికి దారి తెరవడానికి రోజర్‌ను, వాడి డీమన్‌ను విడదీశాడు. ఆ శక్తితో ఆకాశం తెరుచుకుంది. రోజర్ చనిపోయాడు. లైరా పాన్‌ను తీసుకొని ఆ కొత్త లోకంలోకి నడిచిపోయింది.

ఆలోచించవలసిన విషయం

లైరా తల్లి మిసెస్ కోల్టర్. ఈ కోత పనికి పెద్ద ఆమే. కానీ లైరాను కత్తి కింద పెట్టినప్పుడు పరుగెత్తుకొచ్చి ఆపింది. నిజంగా పిల్లల మంచికే అయితే సొంత బిడ్డకు ఎందుకు వద్దన్నది? ఇంకో సంగతి. అక్కడి నర్సులకు కూడా డీమన్లను కోసేశారు. వాళ్లు చెప్పిన పని చేస్తారు. ఏ ప్రశ్నా అడగరు.

వార్డెన్ మేడమ్ గారు కోపపడవద్దు, మన హాస్టల్‌ను బోల్వాంగర్ అనడం లేదు. ఇక్కడికి రాకపోతే నేను ఈ పుస్తకమే చదవను. మా ఇంట్లో చదువుకున్నది నేనే మొదలు. మా గూడెం ఒక లోకం, ఈ బడి ఒక లోకం. ఈ లోకానికి రావాలి, నేర్చుకోవాలి. కానీ ఏమి కోసుకొని రావాలి అన్నదే ప్రశ్న.

ప్రతి జూన్‌లో చిన్న పిల్లలు వస్తారు. వాళ్లకు కోయ మాటలే వచ్చు. అన్నం దగ్గర కోయలో అడిగితే కొందరు నవ్వుతారు. రెండు రోజులకు ఆ పిల్ల అడగడమే మానేస్తుంది. ఆకలైనా ఊరుకుంటుంది. అందరూ బుద్ధిమంతురాలు అంటారు. నాకు మాత్రం టోనీ గుర్తొస్తాడు.

తెలుగు నేర్పుదాం, ఇంగ్లీషు నేర్పుదాం. కోయ తెలిసిన అక్కలం వాళ్లకు మొదట కోయలో చెప్పి, తర్వాత తెలుగులో చెబుదాం. రాత్రి పడుకునేముందు వాళ్ల భాషలో ఒక కథ చెప్పనిద్దాం. దీనికి మేడమ్ గారు అనుమతి ఇవ్వవలెనని కోరుచున్నాను.

ప్రశ్నలు

1. రోజర్ వల్ల దారి తెరుచుకుంది. వాడు ఎందుకు దాటలేకపోయాడు?
2. టోనీ ఎండుచేపను ఎందుకు పట్టుకున్నాడు?
3. నీకు డీమన్ ఉంటే అది ఏ భాషలో మాట్లాడుతుంది?

జవాబులు కాగితం మీద రాసి నాకు ఇవ్వండి. వచ్చే నెల పత్రికలో అంటిస్తాము.

– 9వ తరగతి విద్యార్థిని