పడవ మోటారులోని రబ్బరు చక్రము

పంచాయతీ సభ్యులకు పంపు క్రొత్త వస్తువు కాదు. రావివలస పొలములలో నూతినీరు తోడునదియు, ఊరి నీళ్ళ ట్యాంకు నింపునదియు పంపే. ఉద్దానము తీరమున అలలు దాటి పోవు పడవ మోటారు లోపలను ఒక చిన్న పంపు కలదను సంగతి మాత్రము చాలమంది ఎరుగరు. ఈ పంపులన్నిటికిని ప్రాణము ఇంపెల్లరు అను రెక్కల చక్రము. దానిని సకాలమున మార్చుటను గురించి ఈ నెల ముచ్చటింతుము.

చక్రములలో రకములు

నూతి పంపు చక్రము వేగముగా తిరుగునపుడు నడుమ చేరిన నీరు అంచులకు విసరివేయబడి గొట్టమున పైకెక్కును. వంపు రెక్కలు గల పంపు మేలైనదని 1851లో లండను మహాప్రదర్శనమున ఆపోల్డు అను ఆంగ్లేయుడు చూపెను. రెక్కలకు ఇరువైపుల పళ్ళెములున్నది మూసిన చక్రము. అది తేటనీటికి తగును. ఒకవైపే పళ్ళెమున్నది సగము మూసినది. కొంత మడ్డి గల నీటికి పనికివచ్చును. పళ్ళెములు లేనిది తెరచిన చక్రము. బురదనీటికి, మురుగునీటికి అదియే మేలు.

పడవ వెనుక తగిలించు మోటారులోని చక్రము వేరు. అది రబ్బరుది. దాని గది నడిమికి సరిగా ఉండదు. ఒకవైపు ఇరుకు, ఒకవైపు వెడల్పు. వెడల్పున రెక్క చాచుకొని సముద్రపు నీటిని లోనికి పీల్చును. ఇరుకున వంగి ముందునకు త్రోయును. ఆ నీరే ఇంజనును చల్లబరచును.

చెడుటకు కారణములు

ఈ చక్రమునకు నీరే కందెన. మోటారును ఒడ్డున నీరులేక నడిపిన కొద్ది క్షణములలోనే రబ్బరు కాగి పాడగును. బారువ మొదలు భావనపాడు వరకు గల ఇసుక తీరమున పడవలను అలలలోనికి నెట్టునపుడు, లోతులేని నీటిలో లేచిన ఇసుక పంపులో చేరి రెక్కలను అరుగదీయును. మోటారునుండి వెలికి చిమ్ము నీటిధార సన్నగిలిన అది హెచ్చరిక. ధార ఆగిన వెంటనే ఇంజను ఆపవలెను. లేనిచో ఇంజను కాగి బిగిసిపోవును. నడిసముద్రమున పడవయు, మనుష్యులును గాలివాటున కొట్టుకొనిపోవుదురు.

మార్చు విధము

ముందుగా స్పార్కు ప్లగ్గుల తీగలు ఊడదీయవలెను. క్రింది గేరుపెట్టె బోల్టులు విప్పి దానిని మెల్లగా దించిన, నిలువు ఇరుసుపై పంపు గది కనబడును. మూత తీసి పాత చక్రమును పైకి లాగవలెను. రెక్కలను లెక్కించుడు. ఏ ముక్కయైన విరిగియున్న దానిని వెదకి తీయవలెను. లేనిచో అది నీటిదారిలో అడ్డుపడి క్రొత్త చక్రమునుకూడ నిష్ఫలము చేయును. ఇరుసుకుండు చిన్న కీని పోగొట్టరాదు. గది లోపల గీతలు పడినచో దానినికూడ మార్చవలెను. క్రొత్త చక్రమునకు సబ్బునీరు రాచి, మోటారు తిరుగు దిక్కుననే ఇరుసును త్రిప్పుచు గదిలోనికి దించవలెను. ఎదురు త్రిప్పిన రెక్కలు విరుగును. గాస్కెట్లు క్రొత్తవి వేసి, నీటిగొట్టము సరిగా కూర్చుండునట్లు బిగించి, నీటితొట్టెలో నడిపి ధార చూడవలెను. కొలతలకు ఆ మోటారు పుస్తకమే ప్రమాణము.

పంచాయతీ చేయదగినది

ఏటేట ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు మన తీరమున మోటారు పడవల వేట నిషిద్ధము. పడవలన్నియు ఒడ్డుననే ఉండు ఆ 61 దినములే ఈ పనికి తగిన కాలము. తీర పంచాయతీలు ఆ దినములలో మత్స్యశాఖవారితో సంప్రదించి ఊరి యువకులకు ఈ పని నేర్పించవచ్చును. ఏ పడవకు ఏ చక్రము సరిపోవునో పట్టిక వ్రాయించవచ్చును. ప్రతి పడవలోను ఒక అదనపు చక్రము ఉండునట్లు ప్రోత్సహింపవచ్చును.

అరచేతిలో ఇముడు ఈ రబ్బరు తునకకు అగు వ్యయము ఇంజను వెలలో స్వల్పము. దానిపైననే వేటకు పోయినవారి తిరుగురాక ఆధారపడియున్నదని సభ్యులు గ్రామసభలో తెలుపుదురుగాక.