ఏరోనాటికల్ సీటు కంటే ముందు ఒక ఫోమ్ విమానం

ఈఏపీసెట్ కౌన్సెలింగ్ దగ్గరపడేసరికి తల్లిదండ్రుల నుంచి తప్పకుండా వచ్చే ప్రశ్న ఒకటుంది: "మా అమ్మాయికి విమానాలంటే ప్రాణం సార్, ఏరోనాటికల్‌లో చేర్చమంటారా?" ఆ ఇష్టం ఎంత గట్టిదో తేల్చుకోవడానికి నాలుగేళ్లు, లక్షల ఫీజు అక్కర్లేదు. పరీక్షలకూ కౌన్సెలింగ్‌కూ మధ్య దొరికే సెలవుల్లో ఫోమ్ షీటుతో ఒక రేడియో కంట్రోల్ విమానం కట్టి ఎగరేసి చూడమనండి. కట్టేటప్పుడు లెక్క వేసి చూడాలనిపిస్తోందా? కూలిన విమానాన్ని ఆ రాత్రికే అతికించాలనిపిస్తోందా? రెండింటికీ అవునంటే ఆ సీటు ధైర్యంగా తీసుకోవచ్చు. ఎగరేయడం తప్ప మిగతాదంతా విసుగనిపిస్తే అదీ ముందే తెలియాల్సిన సంగతే. విమానం నడిపే చదువు వేరు, విమానం తయారుచేసే చదువు వేరు.

దీన్ని పిల్లల ఆట అని కొట్టిపారేయొద్దు. స్విట్జర్లాండ్‌లోని సెన్స్‌ఫ్లై సంస్థ తయారుచేసిన 'ఈబీ' మ్యాపింగ్ డ్రోన్ ఒళ్లంతా ఫోమే. రెక్కల కొస నుంచి కొసకు మీటరుకు కాస్త తక్కువ, బరువు 700 గ్రాముల దరిదాపు. పొలాలు, గనులు సర్వే చేసేవాళ్లు దాన్ని చేత్తో విసిరి ఎగరేస్తారు. రువాండాలో 2016 నుంచి ఆసుపత్రులకు రక్తం చేరవేస్తున్న జిప్‌లైన్ విమానాల పైతొడుగు కూడా ఫోమే. మన వికారాబాద్‌లోనూ 2021 సెప్టెంబరులో 'మెడిసిన్ ఫ్రమ్ ద స్కై' పేరుతో డ్రోన్లలో మందులు, టీకాలు పంపే ప్రయోగాలు మొదలయ్యాయి. ఇంటర్ విద్యార్థి తన గదిలో కట్టగలిగే విమానం, పరిమాణంలోనూ బరువులోనూ ఆ ఈబీకి దగ్గరగానే ఉంటుంది.

సామాన్ల సంగతికొస్తే, డెప్రాన్ పేరుతో అమ్మే 5 మిల్లీమీటర్ల షీటు మేలు. చదరపు మీటరు 200 గ్రాములకు మించదు. ప్యాకింగ్ థర్మకోల్ పూసలు పూసలుగా రాలిపోతుంది, సన్‌బోర్డు బరువెక్కువ. జిగురు దగ్గర జాగ్రత్త: సూపర్ గ్లూ, ద్రావకం కలిసిన రబ్బరు జిగుర్లు, స్ప్రే పెయింట్లు ఈ ఫోమ్‌ను తినేస్తాయి. ఏ జిగురైనా ముందు ఒక పనికిరాని ముక్క మీద పూసి చూడండి. వేడి తక్కువగా ఉంచిన హాట్ గ్లూ చాలా పనులకు సరిపోతుంది. రెక్క మధ్యలో కార్బన్ రాడ్ గానీ సన్నటి వెదురు బద్ద గానీ పెట్టాలి. తోక మీద కదిలే ఎలివేటర్‌కూ రడ్డర్‌కూ వేరే కీళ్లు అక్కర్లేదు, అంచును ఏటవాలుగా కోసి టేపు అతికిస్తే చాలు.

ఇక ఎలక్ట్రానిక్స్‌లో కావాల్సినవి: 2212 సైజు 1000 కేవీ బ్రష్‌లెస్ మోటార్, దాని వేగాన్ని అదుపు చేసే 30 ఆంపియర్ల ఈఎస్‌సీ, ఎలివేటర్‌నూ రడ్డర్‌నూ కదిపే 9 గ్రాముల సర్వోలు, మూడు సెల్స్ లైపో బ్యాటరీ, ఆరు చానెళ్ల ట్రాన్స్‌మిటర్, దాని రిసీవర్. కోఠి గుజరాతీ గల్లీ లాంటి ఎలక్ట్రానిక్స్ బజార్లలో, ఆన్‌లైన్‌లో అడిగి చూడండి. ఖర్చంతా ట్రాన్స్‌మిటర్, బ్యాటరీ, ఛార్జర్ల దగ్గరే. విమానం ముక్కలైనా అవి మిగులుతాయి, తర్వాతి విమానానికి పనికొస్తాయి. అందుకే నలుగురు స్నేహితులు కలిసి కొనుక్కోవడం మంచిది. లైపోతో మాత్రం చనువు వద్దు. ఒక్కో సెల్ 4.2 వోల్టులు దాటకూడదు, 3.5 కంటే దిగకూడదు. ఉబ్బిన బ్యాటరీని పక్కన పెట్టేయండి, ఛార్జింగ్ పెట్టి నిద్రపోకండి. ప్రొపెల్లర్ బిగించి ఉండగా ఇంట్లో మోటార్ తిప్పి చూడొద్దు.

అసలు చదువు ఇక్కడి నుంచి మొదలవుతుంది. రెక్క పొడవు 100 సెంటీమీటర్లు, వెడల్పు 20 అనుకుందాం. వైశాల్యం 0.2 చదరపు మీటర్లు. అన్నీ బిగించాక బరువు 600 గ్రాములు. లిఫ్ట్ సూత్రంలో (½ × గాలి సాంద్రత × వేగం వర్గం × వైశాల్యం × లిఫ్ట్ కోఎఫిషెంట్ = బరువు) గాలి సాంద్రత 1.2, గరిష్ఠ లిఫ్ట్ కోఎఫిషెంట్ 1 అని పెట్టి చూడండి. సెకనుకు 7 మీటర్లు, అంటే గంటకు 25 కిలోమీటర్లు వస్తుంది. అంతకంటే నెమ్మదిస్తే ఆ రెక్క విమానాన్ని మోయలేదు. నాలుగడుగులు పరుగెత్తి విసిరితే అందుకోగల వేగమే ఇది. ఇప్పుడు జిగురు దట్టంగా పూసి, పెద్ద బ్యాటరీ పెట్టి బరువును 1,200 గ్రాములకు తెచ్చామనుకోండి. కనీస వేగం గంటకు 36 కిలోమీటర్ల దాకా పెరుగుతుంది. ఆ కనీస వేగంతోనే నేలకు తగిలినా దెబ్బలోని శక్తి నాలుగింతలు. బరువు రెండింతలైంది, వేగం వర్గం కూడా రెండింతలైంది కదా! ఈ లెక్క ఒకసారి చేతికి తగిలిన విద్యార్థి ఆ తర్వాత ప్రతి సర్వోనూ వంటింటి డిజిటల్ కాటా మీద తూస్తాడు. విమానాలు తయారుచేసే సంస్థల్లో గ్రాము గ్రాముకూ ఎందుకు పట్టుబడతారో అతనికి వేరే చెప్పనక్కర్లేదు.

బరువు ఎంతన్నదే కాదు, ఎక్కడుందన్నదీ ముఖ్యం. 20 సెంటీమీటర్ల రెక్కకైతే ముందు అంచు నుంచి 5 నుంచి 6.5 సెంటీమీటర్ల మధ్య వేళ్ల మీద నిలిపితే విమానం సమంగా తూగాలి. తోక బరువైతే ముక్కు పైకెత్తుకుని, వేగం కోల్పోయి, ఒక పక్కకు ఒరిగి పడుతుంది. తొలి విమానాల్లో చాలావాటి కథ ఇలాగే ముగుస్తుంది. బ్యాటరీని ముందుకు జరిపితే చాలావరకు సరిపోతుంది.

ఫోమ్ కట్టేవాళ్లకు ఇష్టమైన మెట్టు రెక్క ఒకటుంది. షీటు మీద మరో పట్టీ అతికిస్తే మధ్యలో మెట్టులా వస్తుంది. రిచర్డ్ క్లైన్, ఫ్లాయిడ్ ఫోగెల్‌మన్ అనే ఇద్దరు అమెరికన్లు 1972లో దీనికి పేటెంట్ పొందారు. పరీక్షించి చూస్తే మామూలు రెక్క కంటే దీనికి గాలి అడ్డు ఎక్కువని తేలింది, పెద్ద విమానాలకు పనికిరాలేదు. చిన్న ఫోమ్ విమానానికి మాత్రం చక్కగా కుదురుతుంది. ఎందుకంటే సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే మన రెక్క దగ్గర, గాలి ప్రవాహం తీరును చెప్పే రేనాల్డ్స్ సంఖ్య 1,30,000 దరిదాపు. ప్రయాణికుల విమానానికి అది కోట్లలో ఉంటుంది. గాలి ఈ రెండు చోట్లా ఒకేలా ప్రవర్తించదు. ఇంటర్వ్యూలో ఈ సంగతిని సొంత అనుభవంతో చెప్పగలిగే అభ్యర్థి ఎంత నిలబడతాడో ఊహించండి.

ఎగరేసే ముందు నియమాలు చూసుకోవాలి. 2021 డ్రోన్ రూల్స్ ప్రకారం 250 గ్రాములు దాటి 2 కిలోల లోపు ఉన్నది 'మైక్రో' తరగతి. వ్యాపారానికి కాకపోతే దీనికి రిమోట్ పైలట్ సర్టిఫికెట్ అవసరం లేదు. కానీ స్థలానికి ఆంక్షలున్నాయి. శంషాబాద్, బేగంపేట, దుండిగల్, హకీంపేట... హైదరాబాద్ చుట్టూ రన్‌వేలే. ప్రభుత్వ డిజిటల్ స్కై మ్యాప్‌లో మీ మైదానం ఏ జోన్‌లో ఉందో, నమోదు నియమాలు తాజాగా ఎలా ఉన్నాయో చూసుకున్నాకే వెళ్లండి. విమానం కంటిచూపు దాటకూడదు, జనం మీదుగా పోకూడదు.

ఇక దారులు. జేఈఈ అడ్వాన్స్‌డ్ ర్యాంకుతో ఐఐటీలు, తిరువనంతపురంలోని ఐఐఎస్‌టీ ఉన్నాయి. రాష్ట్ర కాలేజీల్లో చేరేవాళ్లు ఫీజు కంటే ముందు రెండు విషయాలు అడగాలి: విండ్ టన్నెల్‌ను విద్యార్థులు నిజంగా వాడుతున్నారా, కాలేజీకి ఏరోమోడలింగ్ జట్టు ఉందా. ఎస్‌ఏఈ ఇండియా ఏరో డిజైన్ పోటీలకు జట్టు పంపే కాలేజీని నేను ర్యాంకుల పట్టిక కంటే ఎక్కువ నమ్ముతాను. డీఆర్‌డీవోలో సైంటిస్ట్-బి కొలువు కోరేవాళ్లకు గేట్ స్కోరు కీలకం. గేట్‌లో ఏరోస్పేస్‌కు విడిగా పేపరుంది.

అయితే ఏరోనాటికల్ డిగ్రీ ఒక్కటే తలుపు అనుకోవద్దు. డ్రోన్ సంస్థలకు ఈసీఈ, మెకానికల్, కంప్యూటర్స్ వాళ్లూ కావాలి. ఆర్డూపైలట్, పీఎక్స్4 అనే ఆటోపైలట్ సాఫ్ట్‌వేర్లు ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోవచ్చు. అదే ఫోమ్ విమానంలో ఫ్లైట్ కంట్రోలర్ పెట్టి, దానంతట అదే తిరిగొచ్చేలా చేసిన ఈసీఈ విద్యార్థికి చెప్పుకోవడానికి గట్టి ప్రాజెక్టు ఉన్నట్టే. డిప్లొమా, ఐటీఐ పిల్లలకు సోల్డరింగ్, వైరింగ్, బ్యాటరీ సంరక్షణలో చేతి నైపుణ్యమే పెట్టుబడి. పదో తరగతి పాసై 18 ఏళ్లు నిండితే రిమోట్ పైలట్ శిక్షణ తీసుకోవచ్చు, తెలంగాణ స్టేట్ ఏవియేషన్ అకాడమీ లాంటివి నేర్పిస్తున్నాయి. ఆ సర్టిఫికెట్ ఒక్కటే ఉద్యోగం తెచ్చిపెట్టదని మాత్రం స్పష్టంగా చెప్పాలి. కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ ఉంటే చేరండి, అక్కడ ఏరోమోడలింగ్ శిక్షణలో భాగమే.

మొదటి విమానం నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతి భాగం బరువు, బ్యాలెన్స్ పాయింట్, ఎగరేయకముందూ దిగాకా బ్యాటరీ వోల్టేజీ, ఆ రోజు గాలి. ఇంటర్న్‌షిప్‌కు రాసేటప్పుడు రెజ్యూమేతో పాటు కొలతల డ్రాయింగ్ ఒక పేజీ, బరువుల పట్టిక ఒక పేజీ, ఒక వీడియో లింకు పంపండి. ఆ వీడియోలో విమానం కూలిన దృశ్యాన్ని తీసేయకండి. దాని కింద ఎందుకు కూలిందో, తర్వాతి విమానంలో ఏం మార్చారో రెండు వాక్యాల్లో రాయండి.