పాత ఎస్‌యూవీ కొంటున్నారా? ముందు బండి కిందికి దూరండి

టూరిస్టు ట్రిప్పులు తిప్పుకుని బతుకుదామని సెకండ్ హ్యాండ్ ఎస్‌యూవీ కోసం చూస్తున్న మన తెలుగు కుర్రాళ్లు ఇక్కడ అండమాన్‌లో, మా ఊరి గోల్ ఘర్ దగ్గర నన్ను కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "అన్నా, ఏ కంపెనీ బండి నమ్మకంగా ఉంటుంది?" కంపెనీ పేరు తర్వాత చూద్దాం, ముందు ఒక స్క్రూడ్రైవర్, ఒక టార్చిలైటు పట్టుకుని రమ్మంటాను.

ఎందుకంటే నా మొదటి బండి విషయంలో ఆ పని నేను చేయలేదు. మీటర్ మీద 60 వేల కిలోమీటర్లే ఉన్నాయి. కొత్త సీటు కవర్లు, మెరిసే పెయింటు. కింద మందంగా నల్ల కోటింగ్ కొట్టి ఉంటే, పాత ఓనరు బండిని జాగ్రత్తగా చూసుకున్నాడని మురిసిపోయాను. తొలి వానాకాలంలోనే, బారాటాంగ్ దీవి నుంచి తిరిగొస్తూ ఫెరార్‌గంజ్ దాటాక బ్రేకు తొక్కితే పెడల్ మెత్తగా అడుక్కి దిగిపోయింది. గేరు తగ్గించుకుంటూ, హ్యాండ్ బ్రేకు లాగి ఎలాగో ఆపాను. వెనక సీట్లలో ఇద్దరు పిల్లలున్నారు. ఆ సాయంత్రం మెకానిక్ బండిని ర్యాంపు ఎక్కించి, చాసిస్ మీద స్క్రూడ్రైవర్ మొనతో గట్టిగా పొడిచాడు. నల్ల పెచ్చు ఊడింది. దాని వెనకాలే ఎర్రటి తుప్పు అప్పడం ముక్కల్లా రాలింది. క్లిప్పు బిగించిన చోట బ్రేకు పైపు తుప్పు తినేసి చిల్లు పడింది. పైపు మర్నాడే దొరికింది. వెనక సస్పెన్షన్ ఆర్మ్ మాత్రం చెన్నై నుంచి రావడానికి 17 రోజులు పట్టింది. ఆ 17 రోజులూ బండి కదల్లేదు, ఈఎంఐ తేదీ మాత్రం వచ్చేసింది.

ఇక్కడ బండికి అసలు శత్రువు ఉప్పు. ఏడాదికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వాన, మిగతా రోజుల్లో సముద్రపు గాలి. 2004 సునామీ తర్వాత సిప్పీఘాట్ వైపు నేల కుంగి పొలాల్లోకి ఉప్పునీరు ఎలా వచ్చిందో ఊళ్లో పెద్దవాళ్లందరికీ తెలుసు. బారాటాంగ్ వెళ్లాలంటే మిడిల్ స్ట్రెయిట్ దగ్గర బండిని ఫెర్రీ ఎక్కించాలి. అంటే చక్రాలకు, అడుగుకు ఉప్పు తడి తప్పదు. అందుకే చాసిస్ పట్టీలు, బ్రేకు పైపులు, సైలెన్సర్ అతుకులు, బ్యాటరీ కింది ట్రే, ఎర్త్ వైరు బిగించిన బోల్టులు ఒక్కొక్కటే చూడండి. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే అక్కడ రెండుసార్లు పొడిచి చూడండి. ఓనరు వద్దంటే బేరం అక్కడితో ఆపేయండి.

ఓడ మీద మెయిన్‌ల్యాండ్ నుంచి వచ్చిన బండయితే ఇంకో భయం ఉంది. 2015లో చెన్నైలోనూ, 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలోనూ ఎన్నో బండ్లు నీట మునిగాయి. మునిగిన బండిని కడిగి ఆరబెట్టి అమ్మేవాళ్లు ఉంటారు. సీటు బెల్టును చివరిదాకా లాగండి, లోపలి భాగంలో బురద చార ఉందేమో చూడండి. కాళ్ల కింది కార్పెట్ ఎత్తి వాసన చూడండి. సీటు కింది పట్టాలకు తుప్పు ఉందేమో తడమండి.

ఇక కంపెనీ సంగతి. మన దగ్గర నమ్మకమైన బండి అంటే చెడిపోనిది కాదు, చెడిపోతే ఇక్కడే బాగయ్యేది. చెన్నైకి మనకీ మధ్య 1,300 కిలోమీటర్లకు పైగా సముద్రం ఉంది. మీరు అనుకున్న మోడల్ పేరు చెప్పి, క్లచ్ ప్లేటు, రేడియేటర్, వీల్ బేరింగ్ ఉన్నాయా అని ఊళ్లో మూడు స్పేర్ల షాపుల్లో అడగండి. మూడుచోట్లా "తెప్పించాలి" అన్నారంటే ఆ బండి మన పొట్టకూటికి పనికిరాదు. బొలెరో, ఇన్నోవా వంటివి తిప్పేవాళ్లు స్టాండులో చాలామంది ఉంటారు. వాళ్లకు టీ ఇప్పించి, పోయిన ఏడాది బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉందో అడగండి. మైలేజీ లెక్క కంటే ఆ లెక్క ముఖ్యం. ఎక్స్‌యూవీ500 తయారీ 2021లో ఆగింది, పాత డస్టర్ తయారీ కూడా ఆగిపోయింది. బండి మంచిదే కావచ్చు, స్పేర్ల మాట మాత్రం ముందే తేల్చుకోండి.

2020 ఏప్రిల్ తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లలో పొగ మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. బండి కాసేపు ఆగకుండా వేగంగా నడిచి వేడెక్కితేనే ఆ మసి కాలుతుంది. రోజంతా ఎయిర్‌పోర్టు, అబర్దీన్ బజార్, జెట్టీ అంటూ చిన్న చిన్న ట్రిప్పులే వేసేవాళ్లకు అది మూసుకుపోయి లైటు వెలుగుతుంది. ఊళ్లో తిప్పడానికే అయితే పెట్రోల్ బండి మేలని నా అభిప్రాయం.

బారాటాంగ్ దారిలో జిర్కాటాంగ్ దాటాక జరవా ఆదివాసుల అడవిలో కాన్వాయ్‌తో కదలాలి. మధ్యలో ఆగకూడదు, ఓవర్‌టేక్ చేయకూడదు. అక్కడ బండి మొరాయిస్తే మీ ఒక్కరి ఇబ్బందితో పోదు. కూలింగ్, బ్యాటరీ, టైర్ల మీద ఏమాత్రం అనుమానమున్నా ఆ ట్రిప్పు ఒప్పుకోకండి.

కాగితాల విషయానికొస్తే, ఆర్సీ మీద చాసిస్ నంబరు, బండి మీద నంబరు ఒకటేనా చూడండి. బయటి రాష్ట్రం బండికి అక్కడి ఆర్టీఓ ఎన్‌ఓసీ, పాత లోన్ తీరిపోతే బ్యాంకు ఇచ్చే ఫారం 35 లేకుండా పూర్తి డబ్బు ఇవ్వకండి. వైట్ ప్లేటు బండిని కిరాయికి తిప్పితే ప్రమాదం జరిగిన రోజు ఇన్సూరెన్సు చేతులెత్తేస్తుంది. ఈఎంఐ ఎంత పెట్టుకోవాలో డిసెంబరు సంపాదన చూసి కాదు, జూలై సంపాదన చూసి తేల్చుకోండి.

అన్నీ కుదిరాక కూడా అడ్వాన్సు ఇచ్చే ముందు ఒక రాత్రికి బండి ఇమ్మని అడగండి. ఇంజన్ కింద పెద్ద అట్ట పరిచి బండి ఆపండి. తెల్లవారాక చల్లటి ఇంజన్‌ను మీరే స్టార్ట్ చేసి చప్పుడు వినండి, తర్వాత అట్ట బయటికి లాగి చూడండి. నల్లటి చుక్కయితే ఇంజన్ ఆయిల్. పచ్చగానో గులాబీగానో ఉంటే కూలెంట్. చక్రం పక్కన లేతరంగు చుక్క కనిపిస్తే అది బ్రేకు ఆయిల్, తాళంచెవి ఓనరు చేతిలో పెట్టి వచ్చేయండి.